ఖాళీ ట్రేలో పూలు

జనవరి 3

పొద్దున్న ఆరున్నర. సున్నాకి కింద తొమ్మిది. గాలి లేదు. సూర్యుడు ఆకాశమంతా కప్పిన బూడిద తెర వెనక పాత వెండి బిళ్లలా ఉన్నాడు, ఎంతసేపు చూసినా కళ్లు నొప్పెట్టలేదు. మెట్ల మీదా ట్రేల మూతల మీదా పడ్డ తెరబూడిద ఊడ్చాను. సగం చేట అయింది. నిన్న పావు చేటే.

ఒకటో ట్రే: ముద్దబంతి, పసుపు. కట్టినది బంగారమ్మ. మంచు మందం నాలుగంగుళాలు. అంచు రేకులు రెండు చీలాయి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కింద దీపం పెట్టి ఒకటి, మూడు ఫోటోలు తీశాను.

రెండో ట్రే: ఇక్కడ రోజూ 'ఖాళీ' అని రాస్తాను. ఇవాళ అలా రాయడానికి లేదు. మంచు మధ్యలో ఎర్ర మందారం ఉంది.

నా తర్వాత ఈ పని చేసేవాడు ఈ పుస్తకం చదువుతాడు కాబట్టి పద్ధతి రాస్తున్నాను. సాయంత్రం రెండు ట్రేలలో రెండుసార్లు మరిగించి చల్లార్చిన నీళ్లు పోసి బయట పెడతాం. ఒకదాంట్లో పువ్వు. పువ్వు తేలిపోతుంది కాబట్టి కాడకి నారతో గులకరాయి కట్టి ముంచుతాం. రెండోదాంట్లో ఉత్త నీళ్లు. తెల్లారేసరికి రెండూ గడ్డకడతాయి. చలి గబగబా దిగితే రేకులు చీలతాయి. మెల్లగా దిగితే నిలుస్తాయి. గడ్డని తెచ్చి నల్లగుడ్డ మీద పెట్టి, గోరువెచ్చని తడిబట్టతో పైన తుడిస్తే పొగ పట్టినట్టున్న మంచు అద్దంలా అవుతుంది. అప్పుడు ఫోటో తీస్తాం. ఆ ఫోటోలు చూసి పైన తెర ఎంత మందం అయిందో కింద ఉన్న పరిశీలన కేంద్రంవాళ్లు చెబుతారు. ఉత్త నీళ్ల గడ్డ పోల్చుకోవడానికి. మొదట్లో యంత్రాలు పెట్టారు. బూడిద దూరి ఏడాదికే ఆగిపోయాయి. పువ్వుకి ఆ బాధ లేదు, రోజుకొకటి కొత్తది.

మందారానికి నార ఉంది. గులకరాయి ఉంది. కుడివైపు రేకులో మిరియం గింజంత చిల్లు ఉంది. దానికీ మూడు ఫోటోలు తీశాను.

బంగారమ్మని అడిగాను. ఆమె మా అన్న భార్య. అన్న పోయాక ఈ కొండ మీద దీపాల గదిలో పూలమొక్కలు పెంచే పనికి వచ్చింది. బయట పువ్వు పూసి పదకొండేళ్లయింది. పూసేవన్నీ ఆ గదిలోనే.

"నాకు పనీ పాటా లేదనుకున్నావేటి మరిదీ? ఉన్న ట్రేకే పువ్వు సాలక సస్తంటే, నీ ఖాళీ ట్రేలో కూడా ఎట్టి మురుసుకుంతానా?"

"మరెవరు పెట్టారు?"

"కొండ మీద ఉన్నది ఇద్దరం. నాను కాదు. ఇంక నువ్వే. నిద్దట్లో లెగిసి ఎట్టేసుంతావు. మీ అన్నియ్య కూడా నిద్దట్లో తిరిగీవోడు, మీ వంశానికి అదొక్కటే ఆస్తి."

దీపాల గదిలో ఇవాళ మందారం పూయలేదు. రెండు మొగ్గలు ఉన్నాయి.

జనవరి 4

సున్నాకి కింద ఎనిమిది. పల్చగా పొగమంచు. బూడిద ఊడ్చాను, పావు చేట. దీపాల గదిలో రెండు దీపాలకి ఒత్తులు మార్చాను.

ఒకటో ట్రే: తెల్ల చేమంతి. కట్టినది బంగారమ్మ.

రెండో ట్రే: మళ్లీ పువ్వు. బంతి, కాషాయం రంగు. నార ముడి బంగారమ్మ వేసేలాగే ఉంది.

నిన్న రాత్రి ట్రేల చుట్టూ బూడిద పలచగా చల్లి వదిలాను. ఎవరైనా వస్తే అడుగు పడాలి. ఒక్క అడుగూ లేదు.

జనవరి 5

సున్నాకి కింద ఎనిమిది.

రెండో ట్రే మీద కోళ్లగంప బోర్లించి, పైన రాయి పెట్టి పడుకున్నాను. రాయి పెట్టిన చోటే ఉంది. లోపల ఎర్రగన్నేరు ఉంది.

ఫోటోలు అయ్యాక ఆ గడ్డని గిన్నెలో వేసి దీపం పక్కన పెట్టాను. బంగారమ్మ తన పీట తెచ్చుకుని ఎదురుగా కూచుంది. ఇద్దరం లేవలేదు. మంచు కరిగే కొద్దీ పువ్వు పైకి రావాలి. రాలేదు. పల్చబడింది. పాలల్లో నీళ్లు పోస్తున్నట్టు రంగు వదిలింది. చిట్టచివర గోరంత మంచుముక్కలో ఎరుపు కనిపించింది, అదీ కరిగింది. గిన్నెలో నీళ్లు. పువ్వు లేదు, నార లేదు, గులకరాయి కూడా లేదు.

బంగారమ్మ గిన్నెలో వేలు పెట్టి అడుగంతా తడిమింది.

"ఈ నీళ్లు నా మొక్కలకి పొయ్యకు," అంది.

జనవరి 8

సున్నాకి కింద పది. బియ్యం అరబస్తా ఉంది. కిరసనాయిలు రెండు డబ్బాలు. గుర్రాల బిడారు పద్దెనిమిదికి వస్తుంది, సరిపోతాయి.

రెండో ట్రే: శంఖుపువ్వు. అలవాటవుతోంది.

జనవరి 10

సున్నాకి కింద పది. గాలి ఉత్తరం నుంచి. కప్పు మీద రేకు ఒకటి లేచింది, మేకు కొట్టాను.

ఒకటో ట్రే: ఎర్ర మందారం. కట్టినది బంగారమ్మ.

తడిబట్టతో తుడుస్తూ ఆగిపోయాను. కుడివైపు రేకులో మిరియం గింజంత చిల్లు ఉంది.

"ఇది ఎప్పుడు చిల్లు పడింది?" అని అడిగాను.

"నిన్న. కోత్తన్నప్పుడు దీపం సెగ తగిలీసింది. ఇంకోటి పూస్తే మారుద్దునే, లేదు మరి. మీ కేంద్రంవోళ్లు సిల్లున్న పువ్వు తీసుకోరేటి? పెళ్లికూతురా అది?"

చీకటి గదిలో ఇవాల్టి నెగటివు, మూడో తారీకు రెండో ట్రే నెగటివు ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి ఎత్తి చూశాను. రేకుకి రేకు సరిపోయింది. చిల్లు మీద చిల్లు పడింది. ముడి మీద ముడి.

చిల్లు పడింది తొమ్మిదిన. నేను ఫోటో తీసింది మూడున.

జనవరి 11

ఒకటో ట్రే: బంతి, కాషాయం. నాలుగో తారీకు రెండో ట్రే నెగటివుతో పెట్టి చూశాను. అదే.

ఏడు రోజులు.

జనవరి 12

సున్నాకి కింద పది. బూడిద అరచేట.

ఒకటో ట్రే: ఎర్రగన్నేరు. ఐదో తారీకుది.

పదకొండింటికి రేడియోలో కేంద్రంతో మాట్లాడాను. మణిమాల గారు మా కొండ చూసే అధికారి. రోజూ అంకెలు చెప్పి ఆపేస్తాను కాబట్టి, ఇంకా మాట ఉందంటే ఆవిడ ఆశ్చర్యపోయారు.

"రెండో ట్రేలో వారం తరవాతి పువ్వు కనిపిస్తోందమ్మా," అన్నాను.

"ఒకే ఫిలిం మీద రెండుసార్లు తీసుంటారు పరదేశిగారూ."

"మంచులోనే ఉందమ్మా. కళ్లతో చూశాను."

"బంగారమ్మగారు చూశారా?"

"చూసింది."

"మీరిద్దరూ వేళకి తింటున్నారా?"

తింటున్నామని చెప్పాను. ట్రేని చాకలి సోడాతో కడగమన్నారు. కడిగాను.

జనవరి 13

సున్నాకి కింద పదకొండు. గాలి లేదు. మెట్లు ఊడ్చాను.

రెండో ట్రే: నందివర్ధనం, తెలుపు. ఐదు రేకులూ నిండుగా ఉన్నాయి. రాయవలసింది పువ్వు గురించి కాదు.

బంగారమ్మ ముడి మల్లెపూల దండ కట్టే ముడి. నార రెండు చుట్లు తిప్పి, వేలి మీదుగా ఉచ్చు వేసి లాగుతుంది. కొస పళ్లతో తెంపుతుంది. ముడి ఆవగింజంత ఉంటుంది, కాడకి దెబ్బ తగలదు. ఇవాళ మంచులో ఉన్నది ఆ ముడి కాదు. నార మూడు పేటలు, అడ్డంగా ఒక బిగింపు, కొస రెండంగుళాలు పైకి లేచి ఉంది. కాడ నలిగింది. అది బస్తా ముడి. కొండ ఎక్కక ముందు పద్నాలుగేళ్లు రైసుమిల్లులో బస్తాల మూతులు కుట్టి కట్టాను. నా చేతి ముడి నాకు తెలుసు.

ఈ కొండ మీద పువ్వు నేను కట్టాల్సిన రోజు ఈ ఆరేళ్లలో ఒక్కటీ రాలేదు. జ్వరం వచ్చినా ఆమే కట్టింది.

ఇరవయ్యో తారీకు పొద్దున్న ఫోటోలో ఈ పువ్వుంటుంది. అంటే పంతొమ్మిది సాయంత్రం నేను కడతాను.

ఆమెకి చెప్పలేదు. ఫోటో చూపించలేదు.

జనవరి 14

రెండో ట్రే: చేమంతి. బస్తా ముడి.

మెట్ల మీద ఉప్పు చల్లాను. చూరుకి వేలాడుతున్న మంచుకొయ్యలు కర్రతో కొట్టేశాను. అటక మీదున్న ఇనప గంగాళం కిందికి దింపాను. దీపాల గదిలో కిరసనాయిలు డబ్బా మూత బిగించి, గుమ్మానికి దూరంగా జరిపాను.

"ఏటి సేత్తన్నావు పొద్దుట్నుంచీ?" అంది బంగారమ్మ.

"ఊరికే."

"ఊరికే సేసీవోడివే నువ్వు? ఆరేళ్లలో ఆ గంగాళం దించమని నలభైసార్లు సెప్పుంతాను."

జనవరి 15

రెండో ట్రే: బంతి. బస్తా ముడి.

బంగారమ్మ నీళ్ల బిందె ఎత్తబోతే నేను తీసుకున్నాను. చెట్టు దుంగ నరకబోతే గొడ్డలి తీసుకున్నాను. సాయంత్రం ట్రే దగ్గరికి ఆమె వెనకే వెళ్లాను.

"నన్ను గాజుబొమ్మనాగ సూత్తన్నావేటి మరిదీ. యాభై రెండేళ్లు దాటినాయి నాకు. ఇప్పుడా? సిగ్గేస్తాది."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు, అయినా నవ్వాను.

జనవరి 16

సున్నాకి కింద పన్నెండు. నీళ్ల తొట్టిలో మంచు పగలగొట్టాను.

రెండో ట్రే: కనకాంబరాలు, నాలుగు కలిపి. బస్తా ముడి.

నిన్నంతా ఆలోచించాను. ఫోటో చెబుతున్నది ఒక్కటే, పంతొమ్మిది సాయంత్రం నుంచి కట్టేది నేను. ఆమె కట్టదు. ఎందుకు కట్టదో ఫోటోలో లేదు. ఆమె ఇక్కడ లేకపోతే నేనే కడతాను. కింద ఊళ్లో సుఖంగా కూచున్నా ఇక్కడ ముడి నాదే అవుతుంది. ఫోటో నిజమవుతుంది, మనిషి ఉంటుంది.

బిడారు పద్దెనిమిదిన వచ్చి పంతొమ్మిది పొద్దున్న దిగుతుంది. లెక్క సరిపోయింది.

"కేంద్రం నిన్ను కిందికి రమ్మంది వదినా," అన్నాను. "కళ్లు చూస్తారట. ఏడాదికోసారి చూడాలట."

"నా కళ్లకేటయింది? నీ మొహం మీద రెండ్రోజుల గెడ్డం కూడా కనబడతంది."

"రమ్మన్నారు."

"నానెల్తే పూలెవరు సూత్తారు? నువ్వా? నీళ్లెక్కువ పోసి సంపేత్తావు."

"ఎన్ని పొయ్యాలో చెప్పు. రాసుకుంటాను."

ఆమె నా వంక కొంచెంసేపు చూసింది. దిగువ క్యాంపులో ఆమె చెల్లెలు ముత్యాలు ఉంది. చూసి నాలుగేళ్లయింది. నేను ఆ మాట ఎత్తలేదు. ఆమే ఎత్తుకుంటుందని తెలుసు.

"ముత్తేలు సీమంతం సీర నా దగ్గరే ఉండిపోనాది," అంది చివరికి. "అదైనా ఇచ్చొత్తాను."

ఆరేళ్లలో ఆమెకి నేను చెప్పిన మొదటి అబద్ధం ఇది. రాసి పెడుతున్నాను.

జనవరి 18

సున్నాకి కింద పన్నెండు. మబ్బు. రెండు గంటలకి బిడారు వచ్చింది. ఆరు గుర్రాలు, ఇద్దరు మనుషులు, సింహాద్రి. సింహాద్రి తొమ్మిదేళ్లుగా ఈ దారి నడిపిస్తున్నాడు. బియ్యం, పప్పు, ఫిలిం రీళ్లు, కిరసనాయిలు దింపించాను.

"పెద్దమ్మా, నువ్వొత్తావంటే రెండు గుర్రాలు కట్టాల," అన్నాడు బంగారమ్మతో. "ఒకటి నీకు, ఒకటి నీ నోటికి."

"నీ నోటికి మూడు సాలవు గానీ, తిని పడుకో."

దారెలా ఉందని పక్కకి పిలిచి అడిగాను.

"రెండో మలుపు కాడ మంచు పట్టేసింది అన్నియ్యా. గుర్రాల కాళ్లకి గోనెలు కట్టి దాటించినాం. మనిసి దిగి మెల్లగా నడిత్తే పర్లేదు."

ఇది విన్నాను. విన్నానని రాస్తున్నాను.

జనవరి 19

సున్నాకి కింద పదమూడు. గాలి లేదు. ఏడింటికి బిడారు బయల్దేరింది.

బంగారమ్మ రెండు చేతుల వేళ్లకీ గుడ్డపేలికలు చుట్టుకుని ఉంది. ఏమైందని అడిగాను.

"పగిలిపోనాయి, రాత్రి నుంచీ నెత్తురు కారతంది. సలికి. నిన్న ఆఖరి ముడి ఏసీసరికి పేణం పోనాది. ఎల్లకపోయినా ఇయ్యాల్టి నుంచి నిన్నే కట్టమందునులే, పది రోజులు. ఏలు వంగితేగా?"

ఆమె అలా అంటూ గుర్రం ఎక్కింది. సింహాద్రి పగ్గం పట్టుకున్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆమె ఇక్కడే ఉండేది. పీట మీద కూచుని, వేళ్లకి గుడ్డలు చుట్టుకుని, నా ముడిని వెక్కిరిస్తూ ఉండేది. ఫోటోలో ఉన్నది అంతే. ఆమె చావు గురించీ లేదు, ప్రయాణం గురించీ లేదు. వేళ్లు పగిలిన సంగతి.

'ఆగు' అంటే సరిపోయేది. ఎందుకని అడుగుతుంది. కేంద్రం పిలవలేదని చెప్పాలి. ఫోటోల సంగతి చెప్పాలి, ఆమె చచ్చిపోతుందని ఆరు రోజులుగా అనుకున్నానని చెప్పాలి. సింహాద్రి, ఆ ఇద్దరు మనుషులు వింటున్నారు. నేను మాట వెతుక్కుంటూ ఉండగానే గుర్రాలు కదిలాయి.

"నీళ్లు గళాసుతో కొలిసి పొయ్యి!" అని వెనక్కి తిరిగి అరిచింది.

చెయ్యి ఎత్తాను. మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

సాయంత్రం నందివర్ధనం కోశాను. బస్తా ముడి వెయ్యకూడదనుకున్నాను. ఒక్క ముడి తేడా పడితే మంచులో కనిపించినవన్నీ అబద్ధమవుతాయి. ఆమె ముడి వెయ్యడానికి ప్రయత్నించాను. నార తెగింది. మళ్లీ తెగింది. మూడోసారి కాడ విరగబోయింది. చీకటి పడుతోంది, నీళ్ల మీద పొర కడుతోంది. మిగిలిన నారతో నాకు వచ్చిన ముడి వేశాను. కొస రెండంగుళాలు పైకి లేచింది.

జనవరి 20

సున్నాకి కింద పద్నాలుగు. ఈ చలికాలంలో ఇంత దిగడం ఇదే మొదలు.

ఒకటో ట్రే: నందివర్ధనం. కట్టినది పరదేశి. పదమూడో తారీకు నెగటివు తీసి చూడలేదు.

మొక్కలకి గళాసుతో కొలిచి పోశాను. చేమంతులకి ఒకటి, మందారాలకి ఒకటిన్నర.

జనవరి 21

సున్నాకి కింద పద్నాలుగు. బూడిద పూర్తి చేట.

బిడారు ఇవాళ సాయంత్రానికి దిగువ క్యాంపు చేరాలి. ఐదింటికి రేడియో పెట్టాను. రాలేదన్నారు. ఆరింటికి పెట్టాను. రాలేదన్నారు.

జనవరి 22

సింహాద్రి, ఒక మనిషి, మూడు గుర్రాలు పొద్దున్న క్యాంపు చేరాయి.

ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం రెండో మలుపు దగ్గర మనుషులు దిగి నడుస్తున్నారట. పైనుంచి మంచు, బూడిద కలిసి జారింది. సింహాద్రి ముందున్నాడు. బంగారమ్మ, రెండో మనిషి వెనక గుర్రాలతో ఉన్నారు. మణిమాల గారు ఇవన్నీ వరసగా, చదువుతున్నట్టు చెప్పారు. వెతుకుతున్నారు. ఆ మనిషి దొరికాడు, బతికి లేడు. బంగారమ్మ దొరకలేదు.

"ఆమెని కిందికి ఎందుకు పంపారు పరదేశిగారూ?" అని అడిగారు.

చెల్లెల్ని చూస్తానందని చెప్పాను. ఇది రెండో అబద్ధం.

వెతకడానికి నేను వస్తానన్నాను. దారి మూసేశామన్నారు. పై మంచు ఇంకా కదులుతోందట. స్టేషను వదిలితే రేపటి లెక్క ఎవరిస్తారన్నారు.

జనవరి 23

సున్నాకి కింద పదకొండు. గాలి లేదు. మెట్లు ఊడ్చాను.

ఒకటో ట్రే: కనకాంబరాలు. కట్టినది పరదేశి.

రెండో ట్రే: పసుపు చేమంతి. రేకుల్లో ఒకటి లోపలికి మడత పడి ఉంది.

నార రెండు చుట్లు. ఉచ్చు. ఆవగింజంత ముడి. కొస తెగిన చోట పీచు పళ్లతో నమిలినట్టు ఉంది.

భూతద్దం పెట్టి చూశాను. కింద దీపం పెట్టి చూశాను. ఇవాళ ఆరు ఫోటోలు తీశాను, ఇంతవరకు ఒక గడ్డకి ఇన్ని ఎప్పుడూ తియ్యలేదు. దీపం వేడికి గడ్డ ఒకసారి టక్కున పగిలింది. పగులు పువ్వు దాకా వచ్చి ఆగింది.

ముప్పయ్యో తారీకు పొద్దున్నది ఇది. అంటే కట్టేది ఇరవై తొమ్మిది సాయంత్రం.

మధ్యాహ్నం దీపాల గదిలో వెతికాను. కుడివైపు మూడో కుండీలో పసుపు చేమంతి మొగ్గ ఉంది. ఇంకా విడలేదు. చూసి తలుపు వేశాను.

రేడియోలో ఈ సంగతి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

జనవరి 24

రెండో ట్రే: ఖాళీ. ఉత్త మంచు. కింద దీపం పెడితే అవతలి గోడ కనిపించింది.

జనవరి 25

రెండో ట్రే: ఖాళీ.

చేమంతి మొగ్గ పచ్చగా ముక్కు తెరిచింది.

ముప్పై తర్వాత ట్రేలో పువ్వే ఉండదా, లేక మంచు చూపించడం మానేసిందా, తెలియదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి.

జనవరి 27

సున్నాకి కింద తొమ్మిది. పొగమంచు.

వెతకడం ఆపేశామని మణిమాల గారు చెప్పారు. ఏడు రోజులు దాటాక ఆ చలిలో లాభం లేదన్నారు. ముత్యాలుకి కబురు అందిందట. ఫిబ్రవరిలో దారి తెరిస్తే నాకు తోడు ఇంకొకర్ని పంపుతామన్నారు. పూలు చూసే పని తెలిసినవాళ్లే దొరికారన్నారు.

"మీరు ఏమైనా చెప్పాలా?" అని అడిగారు.

"ఆమెకి పైదారి కూడా తెలుసమ్మా," అన్నాను. "చింతమెట్ట మీదుగా. నడిస్తే వారం పైన పడుతుంది. మధ్యలో పాత గొర్రెల గుడిసెలు ఉన్నాయి."

"అలా అనుకోవద్దు పరదేశిగారూ," అన్నారు. మెల్లగానే అన్నారు.

జనవరి 28

సున్నాకి కింద తొమ్మిది. చేమంతి పూర్తిగా విడింది. రేకుల్లో ఒకటి లోపలికి మడత పడింది. వేలితో తీసి సరిచేశాను. సాయంత్రం చూస్తే మళ్లీ మడత పడింది.

ఒకటో ట్రేకి మందారం కట్టాను.

జనవరి 29

సున్నాకి కింద పది. గాలి లేదు. సూర్యుడు మధ్యాహ్నం కాసేపు కనిపించాడు. బూడిద పావు చేట. మొక్కలకి నీళ్లు గళాసుతో కొలిచి పోశాను. నీళ్లు రెండుసార్లు మరిగించి చల్లార్చాను. నాలుగింటికి రెండు ట్రేలు నింపి బయట పెట్టాను.

ఇవాళ పువ్వు నేను కట్టను. ఇది రాసి పెడుతున్నాను, లెక్క తప్పితే తప్పు నాదే. నేను కడితే ముడి నాది అవుతుంది. పంతొమ్మిదిన నా చేతిలో ఉన్న దాన్ని ఆపలేదు. ఇవాళ నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. చేమంతిని మొక్కకే వదిలేశాను. దీపాల గది తలుపు గడియ తీసి ఉంచాను. నార, గులకరాయి ట్రేల పక్కన పెట్టి లోపలికి వచ్చి కూచున్నాను.

నాలుగున్నర. చప్పుడేమీ లేదు.

నాలుగూ నలభై. దీపాల గది తలుపు కిర్రుమంది. గాలి లేదని పైన రాశాను, ఇప్పుడూ లేదు. కత్తెర చప్పుడు ఒకసారి వినిపించింది.

తలుపు మూసిన చప్పుడు. అడుగులు. మెల్లగా, ఒక కాలు ఈడుస్తున్నట్టు. ట్రేల దగ్గర ఆగాయి.

నా బల్ల పక్కన కిటికీ ఉంది. దాని గుడ్డ పక్కకి జరిపితే ట్రేలు కనిపిస్తాయి. జరపలేదు. చూసే ముందు ఇది రాయాలనిపించింది.

"వదినా," అని పిలిచాను. గట్టిగానే పిలిచాను.

జవాబు రాలేదు. నీళ్లలో గులకరాయి పడిన చప్పుడు వచ్చింది.

వేళ్లు పగిలి పది రోజులయింది, ఆమె పది రోజులే అంది. పైదారిన నడిచి వచ్చి ఉండొచ్చు. నోట మాట రానంత అలిసి ఉండొచ్చు. ఇంకోలా కూడా ఉండొచ్చు. నాకు తెలిసిన లెక్కలతో రెండిటికీ తేడా కట్టలేను. ఎలా వచ్చినా చలిలో వచ్చిన మనిషి, ముందు చేతులు వేడినీళ్లలో పెట్టాలి.

అడుగులు మెట్ల మీదున్నాయి. నాలుగు మెట్లు. పొయ్యి రాజేసి గిన్నెడు నీళ్లు పెట్టడానికి లేస్తున్నాను.